ఇంకొక్క గంట

"ఆరు కార్డులుండాలి కదా, తెర మీద ఐదే కనిపిస్తున్నాయేంటోయ్?" అన్నారు లెక్కల మాస్టారు కంగారుగా.

"ఆ ఐదూ కూడా పోయాయి బావగారూ. మళ్లీ ఆఫయింది," అన్నాడు బావమరిది.

గదిలో ఫ్యాన్ల హోరు ఠక్కున ఆగిపోయింది. మూడు నెలలుగా ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడనివ్వని హోరు అది. ఆగేసరికి మాస్టారి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆరు గ్రాఫిక్స్ కార్డులు బిగించి, బిట్‌కాయిన్ లాంటి కంప్యూటర్ నాణేలు తవ్వే మిషన్ మరి! రోజూ రవ్వంత రవ్వంత తవ్వినది ఒకచోట పోగవుతుంది, నూటికి నూరు శాతం నిండితేనే సొంతదారు ఫోన్లో పడుతుంది. ఇప్పటికి తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది ఐదు నిండింది. ఇంకొక్క గంట తిరిగితే చాలని మాస్టారు కాగితం మీద లెక్క కట్టి పెట్టుకున్నారు.

గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది, మెడలో కొలత టేపుతో. ఈ మిషన్ వచ్చిన రోజే ఆవిడ కుట్టు మిషన్ గదిలోంచి వంటింటి పక్కకి వెళ్లిపోయింది. కుట్టిన స్కూలు యూనిఫారాలకి వంట పొగ వాసన పడుతోందని నలుగురు వెనక్కిచ్చారు.

"ఆరింటికి పాత కంప్యూటర్ల షాపాయన వస్తాడు," అందావిడ. "అప్పటికి మీ ఫోన్లో ఏదైనా పడితే నేనిక నోరెత్తను. పడలేదా, అది ఆయన బండెక్కుతుంది, నా గది నాకొస్తుంది. ఒప్పుకున్నారు, గుర్తుందిగా?"

"ఉందే బాబూ, ఉంది! ముందు మమ్మల్ని పని చేసుకోనీ."

టైము మూడున్నర.

బావమరిది నేల మీద బాసింపట్టు వేసుకుని కార్డులన్నీ ఊడదీశాడు. "ఒక్కోటీ విడిగా పెట్టి చూడాలి. అన్నీ ఒకేసారి పెడితే దొంగెవరో తెలీదు."

మొదటి కార్డు పెట్టి స్విచ్ వేశారు. తిరిగింది. రెండోది, అదీ తిరిగింది. ప్రతిసారీ తెర వెలగడానికి మూడు నాలుగు నిమిషాలు. మాస్టారు గోడ గడియారం వైపూ తెర వైపూ చూస్తూ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు. ఐదోది పెట్టగానే మిషన్ టప్పున ఆరిపోయింది.

"ఇదే! చచ్చింది కార్డు! కొత్తది ఎక్కణ్ణించి తెస్తాం?"

"ఉండండి బావగారూ, కంగారుపడకండి." బావమరిది ఆ కార్డుని వేరే చోట తగిలించాడు. భేషుగ్గా తిరిగింది. "కార్డు మంచిదే. దీన్ని బోర్డుకి కలిపే పట్టీలో ఉంది తేడా."

పట్టీ బయటికి లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. దాని తెల్ల ప్లగ్గు గోధుమరంగు తిరిగి, ఒక పక్క మెత్తగా కరిగిపోయి ఉంది.

"కరెంటిచ్చే ఒక్క సన్న తీగకి రెండు పట్టీలు తగిలించాం. మోయలేకపోయింది పాపం. ఇంకో రెండ్రోజులైతే అంటుకునేది."

"అంటుకోవడమేంట్రా! ఇంట్లో మనుషులున్నారు!"

"మెల్లగా అనండి, అక్క వింటుంది."

"వినబడింది," అంది అక్క వంటింట్లోంచి.

బావమరిది సంచీలోంచి కొత్త పట్టీ తీసి, పవర్ సప్లై నుంచి నేరుగా లావు తీగ లాగి బిగించాడు. కిటికీ రెక్కలు బార్లా తెరిచాడు. స్విచ్ వేసేసరికి నాలుగున్నర దాటింది. తెర మీద ఆరు కార్డులూ వరసగా వెలిగాయి. ఆ హోరు చెవిన పడ్డాక గానీ మాస్టారు కుర్చీలో కూర్చోలేదు.

తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది ఆరు. తొమ్మిది ఎనిమిది. తొమ్మిది తొమ్మిది. ఐదూ నలభైకి నూరు నిండింది. 'పంపించాం' అని తెర మీద పచ్చగా అక్షరాలు పడ్డాయి.

"పడింది! పడిందోయ్!" అంటూ మాస్టారు బావమరిదిని వాటేసుకున్నారు. "నువ్వు లేకపోతే నా పరువు గంగలో కలిసేది!"

"మీ ఫోనుకి చేరడానికి ఇంకో పావుగంట, అరగంట పడుతుంది బావగారూ."

మాస్టారు ఫోను అరచేతిలో పెట్టుకుని రెప్ప వేయకుండా కూర్చున్నారు. ఐదూ యాభై. ఐదూ యాభై ఐదు. ఒకసారి మోగింది. తీరా చూస్తే చెప్పుల మీద తగ్గింపు అట.

ఆరింటికి షాపాయన తలుపు కొట్టాడు. మాస్టారి మొహం చూసి భార్యకే మనసొప్పలేదు.

"కాస్త కూర్చోండి, మంచినీళ్లు తెస్తాను," అందావిడ షాపాయనతో.

ఆరుంపావు అయింది. ఫోను ఉలకలేదు, పలకలేదు. మాస్టారు లేచి తన చేత్తోనే స్విచ్ కట్టేశారు.

"తీసుకెళ్లు బాబూ. మాట మాటే."

బావమరిదే ఒక పక్క పట్టుకుని మెట్లు దింపించాడు. షాపాయనిచ్చిన డబ్బు భార్య లెక్కపెట్టకుండా మాస్టారి జేబులో పెట్టింది. బండి వీధి మలుపు తిరిగి వెళ్లిపోయింది.

"పోనివ్వండి," అందావిడ. "ఇల్లు కాలకుండా దక్కింది, అదే పదివేలు. ఆ మొహం చూడలేకపోతున్నాను."

'టింగ్' మంది.

మాస్టారు ఎగిరిపడి ఫోను చూసుకున్నారు. చీకటిగా ఉంది. భార్య ఫోను కుట్టు మిషన్ మీద ఉంది, అదీ అంతే. బావమరిది మెల్లగా తన జేబులో చెయ్యి పెట్టి ఫోను తీశాడు. చూస్తూ చూస్తూనే మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"బావగారూ," అన్నాడు, "బిగించిన రోజు, పనిచేస్తుందో లేదో చూద్దామని, నాణేలు ఎవరికి పంపాలో రాసేచోట నా ఫోను అడ్రసు పెట్టాను. మీది పెట్టడం మర్చిపోయాను."