పోపు వాసన

గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. కౌసల్యమ్మ గడప మీద అడ్డంగా కూర్చుని ఉంది. వాకిట్లోకి వస్తున్న వియ్యపురాలిని చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడనే ఆగు వదినె. సుమిత్రకు అమ్మవారు పోసింది. బయటి నుంచి వచ్చినదానివి, లోపలికి రావద్దు."

రాధమ్మ సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. లక్డారం నుంచి పటాన్‌చెరు దాకా ఆమె వచ్చింది ఊరికే చూసి పోవడానికి కాదు. తెల్లవారితే కూతురికి ఐసెట్ పరీక్ష. అది రాస్తేనే ఎంబీఏలో సీటు. పొద్దున్నే సుమిత్రను వెంటబెట్టుకుని హైదరాబాద్‌లో సెంటర్‌కు తీసుకుపోవాలని ముందురోజే బయలుదేరింది.

"ఎప్పుడు పోసింది? నాకు కబురన్న చెయ్యకపోతివి" అంది.

వారమైందని చెప్పింది కౌసల్యమ్మ. ఫ్యాక్టరీలో నలుగురికీ అంటుకుంటుందని కొడుకును కూడా ఇంట్లో ఉండనివ్వలేదట. వెంకటేశం దోస్తుల రూములో పడుకుంటున్నాడట.

రాధమ్మకు పాత సంగతి గుర్తొచ్చింది. పోయిన ఏడాదీ ఇంతే. పెళ్ళైన కొత్త. తీరా పరీక్ష దగ్గరికి వచ్చాక సుమిత్ర రాయనంది. ఎందుకని అడిగితే తల దించుకుందే తప్ప నోరు విప్పలేదు. అల్లుడే చాటుగా చెప్పాడు, తనదే తప్పన్నట్టు నొచ్చుకుంటూ. "మా అమ్మ పాతకాలం మనిషి అత్తమ్మా. కోడలికి చదువెందుకంటది. ఏం చెయ్యమంటరు?"

అప్పటి నుంచి రాధమ్మ వియ్యపురాలి చేతి మంచినీళ్ళు కూడా అనుమానంగానే తాగేది. ఏ సంగతి తెలిసినా అల్లుడికే ముందు చెప్పేది.

ఇంతలో లోపలి నుంచి గాలి తోలింది. ఎండుమిరపకాయలు, ఉల్లిగడ్డ వేసిన పోపు వాసన.

రాధమ్మ ముగ్గురు పిల్లలను అమ్మవారి నుంచి సాకి లేపిన మనిషి. అమ్మవారున్న ఇంట్లో ఎవరూ పోపు పెట్టరు. పొయ్యి మీద నూనె కాగకూడదు, ఆవగింజ చిటపటమనకూడదు. కొత్త కోడళ్ళకు కూడా తెలిసిన సంగతి. కౌసల్యమ్మకు తెలియదా?

అంటే ఇంట్లో అమ్మవారు లేదు.

మెడ చాచి చూసింది. లోపలి గది తలుపుకు బయట నుంచి గొళ్ళెం వేసి ఉంది. గొంతు పెంచి కూతుర్ని పిలిచింది. గదిలో ఏదో కింద పడ్డ చప్పుడు. కాసేపటికి సన్నగా మాట వినిపించింది.

"నేను మంచిగనే ఉన్ననమ్మా. నువ్వు ఇంటికి పో."

ఎవరో చెప్పించినట్టుంది ఆ మాట.

కౌసల్యమ్మ లేచి దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"రేపొక్కరోజు ఓపిక పట్టు వదినె. ఎల్లుండి నీ బిడ్డను తోలుకపో, ఎన్ని రోజులన్న ఉంచుకో. వెంకటేశానికి మాత్రం గిదేం జెప్పకు."

రేపొక్కరోజు. అంటే పరీక్ష దాటిపోయేదాకా. రాధమ్మకు ఇంకేం అర్థం కావాలి?

ఆమె వాదించలేదు. సరేనని తలూపి రోడ్డు మీదికి వచ్చింది. ఆటో పట్టుకుని నేరుగా పాశమైలారం పోయింది.

మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌ను బతిమాలింది. అల్లుడిని పిలిపించమని, తెల్లవారితే బిడ్డకు పెద్ద పరీక్ష ఉందని చెప్పింది. అదేం పరీక్షో విన్నాక వాచ్‌మన్ నవ్వాడు.

"అయితే మా వెంకటేశం ఈడ మేనేజర్‌కు సలాం కొట్టాలె, ఇంటికి పోయి ఇంకో మేనేజర్‌కు కొట్టాలె."

అప్పుడే గేటు దాటి వస్తున్న వెంకటేశం నవ్వలేదు.

రాధమ్మ గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. అమ్మవారు లేదని, పోపు పెట్టారని, తలుపుకు గొళ్ళెం వేశారని. అతను తల వంచుకుని శ్రద్ధగా విన్నాడు.

"పుస్తకాలు ఇంట్లనే ఉన్నయా?" అని అడిగాడు.

ఆమె కళ్ళు చెమర్చాయి. ఇంత జరుగుతున్నా అల్లుడికి భార్య చదువు మీదే ధ్యాస. ఉండే ఉంటాయని చెప్పింది.

"చెప్పి మంచి పని చేసిన్రు అత్తమ్మా" అన్నాడు వెంకటేశం. సూపర్‌వైజర్‌ను అడిగి వచ్చి స్కూటర్ తీశాడు. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. తల్లి మీద అంత కోపం ఉంటుంది మరి, అనుకుంది రాధమ్మ.

స్కూటర్ చూడగానే కౌసల్యమ్మ మొహం పాలిపోయింది. గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది. "వద్దు కొడుకా" అంది. అతను ఆ చేతులను పక్కకు తోసి లోపలికి వెళ్ళాడు. గొళ్ళెం తీశాడు.

రాధమ్మ వెనకే పరిగెత్తింది.

చాప నిండా పాత ప్రశ్నపత్రాలు, లావుపాటి గైడ్లు. వాటి మధ్య సుమిత్ర, చేతిలో పెన్సిల్. మొహం మీద ఒక్క పొక్కు లేదు. తల్లిని చూసి లేవబోయింది. తల్లి ముందున్న మనిషిని చూసి గోడకు ఆనుకుపోయింది.

వెంకటేశం వంగి ఒక్కొక్క పుస్తకమే తీస్తున్నాడు. పొద్దున పరీక్షకు సర్దిపెడుతున్నాడని రాధమ్మకు సంతోషమేసింది. ఇప్పుడు అడగాల్సింది అడిగేద్దామని వియ్యపురాలి వైపు తిరిగింది.

"నా బిడ్డ నీకేం అన్యాలం జేసిందమ్మా? మా అల్లుడు రాకుంటే పరీక్ష పోవు గద."

కౌసల్యమ్మ ఆమెను చూడలేదు. కొడుకు చేతులనే చూస్తూ, నీరసంగా గోడకు చేరగిలబడి అంది.

"పోయినేడు దాని పుస్తకాలు పొయ్యిల పెట్టింది నేను గాదు వదినె, నీ అల్లుడే; ఈసారన్న రాయనియ్యాల్నని వాణ్ణి ఇల్లు దాటిస్తే, నువ్వు వెతికి తోలుకొచ్చినవ్."