గోడ విన్న లెక్క

గొర్రిపాటి చలమయ్య నా పొలం మింగేశాడు. నా దగ్గర కాగితాల్లేవు. కూతురు హిమజ దాని మీదే కాలేజీ పరిశోధన వ్యాసం రాసింది. ఆ వ్యాసం పెట్టిన పోర్ట్‌ఫోలియో సాయంత్రంలోగా మార్కులకి పంపాలి. ఇంటి మాటలన్నీ గోడలు రికార్డు చేసి దాచే రోజులివి, కాగితం లేనిచోట ఆ మాటే ఆధారం.

"నాన్నా, తిరిగింది చాలు, కూర్చో. మామయ్యతో మూడెకరాలన్నావ్, పాలాయనతో నాలుగన్నావ్. గోడ రెండూ చూపిస్తోంది. ఏది రాయను?"

"వాడు దొంగెదవని రాయవే!"

"రాశాగా. పొలమెంతో గోడకి నువ్వే చెప్పాలి. నీ గొంతులో అబద్ధం గోడకి దొరికితే నేను ఫెయిలు."

ఏడో తరగతిలో బడి మానేసిన నాకు పరీక్ష హాల్లో కూర్చున్నట్టు చెమటలు పట్టాయి. వంటింట్లో మా ఆవిడ గరిటె చప్పుడు ఆగింది.

గోడవైపు తిరిగి చెప్పాను.

"ముప్పై ఏడు సెంట్లు."