అధ్యక్షుడు కావలెను

“నా వల్ల కాదు మామా. పలకల లోడ్లు పోతాండాయి. దుకాణం ఎవురు చూస్తారు?” అంటూ నిత్యానందం కుర్చీ వెనక్కి జరిపాడు.

“నువ్వు చెప్పమ్మా,” అని సీతారామాంజనేయులు ప్రసన్నలక్ష్మి వైపు తిరిగాడు.

“కాలేజీలో పరీక్షలు సార్. లేకుంటే నేను కాదంటానా?”

కంభం చెరువు గట్టు మీద రేకుల షెడ్డులో, ఆదివారం పొద్దున్నే మీటింగు. తెరచాప పడవల క్లబ్బుకు కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. జీతం లేదు, భత్యం లేదు. పడవల్లో చేరిన నీళ్లు తోడాలి, చిరిగిన తెరచాపలు కుట్టించాలి, చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు వారం వారం ఈత, పడవ నడపడం ఉచితంగా నేర్పాలి. ఇన్నాళ్లూ ఆ పని చేసిన సీతారామాంజనేయులుకు మోకాళ్లు అరిగిపోయాయి. మెట్లెక్కి పైకి రావడమే గండంగా ఉంది. ఇవాళ ఎవరూ ముందుకు రాకపోతే క్లబ్బుకు తాళం పడుతుంది.

ఆ పడవలెక్కి ఫొటోలు దిగని సభ్యుడు ఒక్కడూ లేడు. తీరా బాధ్యత అనేసరికి ఎవరికి వారే యమునా తీరే. ఒకాయనకు మేనకోడలి పెళ్లి, ఒకాయనకు మిరప కోత, ఇంకొకాయనకు నడుంనొప్పి. మార్కాపురంలో బట్టల దుకాణం నడిపే ఫణికుమార్ అయితే తల కూడా ఎత్తకుండా ఫోను చూసుకుంటున్నాడు.

ముసలాయనకు కడుపు మండింది.

“సరే, మీకెవురికీ వద్దు గదా! మొన్న ఒంగోలు నుంచి కంట్రాక్టరొకాయన వచ్చి పోయినాడు. టికెట్టు పెట్టి బోట్లు తిప్పుతాడంట, ఈడనే హోటలు కడతాడంట. జాగా పర్మిషను అధ్యక్షుని పేరు మీదనే ఉంది. నేను సంతకం పెడితే అయిపాయె. ఆయనకే ఇచ్చేస్తా.”

ఫణికుమార్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

“అట్లెట్ల ఇస్తావు మామా?” నిత్యానందం లేచాడు. “మన చెరువు, మన గట్టు! ఎవుడో వచ్చి తింటాంటే మనం చూస్తా కూచుంటామా? నేనుంటా అధ్యక్షునిగా. దుకాణం మా తమ్ముడు చూసుకుంటాడు.”

“ఇందాక తీరదంటివి గదన్నా! నేను చేస్తా,” అంది ప్రసన్నలక్ష్మి. “పరీక్షలదేముంది, ఏడాదంతా ఉంటాయా ఏంది?”

నడుంనొప్పి ఆయన కూడా చెయ్యెత్తాడు.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది వీళ్ల వరస. అయినా సీతారామాంజనేయులుకు సంతోషమే కలిగింది. పౌరుషమో, కుళ్లో, ఏదైతేనేం, అందరూ కదిలారు కదా అనుకున్నాడు.

మాటా మాటా పెరిగింది. ఎవరో నిత్యానందం చొక్కా పట్టుకున్నారు. తెప్పించిన టీ తాగేవాడు లేక చల్లారిపోయింది. చివరికి ఫణికుమార్ బల్ల మీద గుద్ది నిలబడ్డాడు.

“ఈ గట్టు మన బిడ్డలది! నా కంఠంలో ప్రాణం ఉండంగ ఆ ఒంగోలోడు ఈడ మేకు గూడా దిగ్గొట్టలేడు. ఏమనుకున్నారో ఏమో!”

చప్పట్లతో రేకులు దద్దరిల్లాయి. చేతులెత్తమంటే సగానికి పైగా అతనికే ఎత్తారు. దండ వేశారు. ముసలాయన అప్పటికప్పుడు పర్మిషను అతని పేరుకు మారుస్తూ సంతకం చేసిచ్చాడు. పులిహోర పొట్లాలు తిని జనం వెళ్లిపోయేసరికి మధ్యాహ్నం దాటింది.

ఇద్దరే మిగిలారు. సీతారామాంజనేయులు షెడ్డు తాళంచెవి కొత్త అధ్యక్షుడి చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదల్లేదు.

“ఫణీ, కోపం చేసుకోవద్దు నాయనా. ఒంగోలు కంట్రాక్టరు లేడు, ఎవురూ లేరు. ఈ జాగా కావాలని ఇంతవరకూ ఒక్కడూ అడగలే. బతిమాలితే మీరు కదలకపోతిరి, అందుకే అబద్ధమాడినా. పిల్లకాయల కోసం ఆడినా. తప్పయితే క్షమించు.”

చెప్పేసరికి ఆయనకు కళ్లు చెమర్చాయి. పొద్దుట్నుంచీ గుండెల మీదున్న బరువు దిగినట్టయింది.

ఫణికుమార్‌కు కోపం రాలేదు. ఆప్యాయంగా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

“లేకపోతే ఏమాయె మామా? మన మార్కాపురంలోనే కంట్రాక్టరొకాయన్ను నేను మాట్లాడినా. అదిగో, గట్టు కింద కార్లో కూచోనున్నాడు.”