యముడి ఆకలి

"రంగు కడుక్కుని పోదాం రేయ్!" అన్నాడు గురప్ప.

"కడిగేలోగా అంగడి మూసేస్తాడన్నా! పా, పరిగెత్తు!" అన్నాడు తిప్పయ్య.

గురప్ప ఒంటి మీద యముడి వేషం అలాగే ఉంది. మొహం నిండా మసి, కళ్ల చుట్టూ ఎర్రరంగు, చెవుల దాకా మీసాలు, నెత్తిన కొమ్ముల కిరీటం. ముదిగుబ్బ నాటకాల జట్టు ఆ రాత్రే బెంగళూరులో నాటకం ఆడింది. చూసినవాళ్లంతా ఎనభైల కరువుకు ఊళ్లొదిలి, ఇళ్లు కట్టే పనులకు వచ్చిన అనంతపురం జనమే. గురప్ప వీధివాడైన తిప్పయ్య కూడా అక్కడే తాపీపని చేస్తున్నాడు. తెల్లవారక ముందే జట్టు మొత్తం తిరుగు లారీ ఎక్కాలి.

"ఈ పొద్దు తినకపోతే మళ్లా యాడ తింటావు? ఊరు ఊరంతా ఆ కబాబుల కోసం ఆడ నిలబడతాది. నోట్లో యేసుకుంటే యెన్న మాదిరి కరిగిపోతాదన్నా!"

గురప్పకు నోరూరింది. వేషం కట్టిన రోజు అతను ఆట ముగిసేదాకా ఏమీ తినడు. ఇప్పుడు కడుపులో ఎలకలు పరుగెడుతున్నాయి.

"ఈ మొగంతో యట్లొచ్చేది? జనం నగరా?"

తిప్పయ్య తన కంబళి తెచ్చి, కిరీటంతో సహా అతన్ని నిలువునా కప్పేశాడు. కళ్ల దగ్గర మాత్రం కాస్త సందు వదిలాడు. ఇద్దరూ పరుగందుకున్నారు.

శివాజీనగరం సందులోకి తిరగ్గానే వాసన వాళ్లకు ఎదురొచ్చింది. అంత రాత్రివేళ కూడా అక్కడ తిరునాళ్లలా ఉంది. బొగ్గుల మీద ఇనప చువ్వలకు గుచ్చిన మాంసం బుసబుసమంటోంది. కొవ్వు చుక్క రాలినప్పుడల్లా మంట ఎగిసిపడుతోంది. అంగడి సాయిబు ఒక చేత్తో విసురుతూ, రెండో చేత్తో చువ్వలు తిప్పుతూ ఊపిరి సలపకుండా ఉన్నాడు. ఇద్దరూ వరస చివర నిలబడ్డారు.

పక్కనే పోతున్న ఒకాయన కంబళి వైపు ఎగాదిగా చూశాడు. "ఏమైందప్పా ఆయనకు?"

"జొరం," అన్నాడు తిప్పయ్య.

"జొరమొచ్చినోనికి కబాబులా?"

"డాక్టరే తినమన్యాడు!"

కంబళి లోపల గురప్ప నవ్వాపుకోలేక ఊగిపోయాడు. మీసం ఒక పక్క ఊడింది. అద్దుకున్నాడు. వరస ఒక్కో అడుగూ జరిగేకొద్దీ అతనికి నాటకంలో తెర లేచే ముందు కూడా అంత దడ పుట్టలేదనిపించింది. చివరికి వాళ్ల ముందు ఒక్కడే మిగిలాడు, తలకు తువ్వాలు చుట్టుకున్న ముసలాయన. ఆయన ప్లేటు అందుకుని పక్కకు తప్పుకున్నాడు.

"సాయిబన్నా, మాకు రెండు ప్లేట్లు!" అని అరిచాడు తిప్పయ్య.

సాయిబు ఖాళీ చువ్వలు ఎత్తి చూపించాడు. "ఖతం. అదే ఆఖరు ప్లేటు."

"అట్లంటే యట్లప్పా! మనిషి ముదిగుబ్బ నుంచి వచ్చినాడు!"

"రేపు రమ్మను."

"రేపు యాడుంటాడు? లారీ ఎక్కేస్తాడు!"

సాయిబు బొగ్గుల మీద నీళ్లు చల్లాడు. పొగ లేచింది. గురప్పకు కళ్లలో నీళ్లు తిరిగాయి, పొగకో మరి దేనికో.

ముసలాయన అందరికీ వీపు పెట్టి బల్ల మీద కూర్చున్నాడు. నిమ్మకాయ పిండుకుంటున్నాడు. తిప్పయ్య ఆయన వెనక్కి పోయి వంగి, "పెద్దాయనా, ఒక్క తునక మా అన్న నోట్లో యేస్తివంటే పున్నెముంటాది," అన్నాడు.

"పోప్పా పో," అన్నాడు ముసలాయన, తల తిప్పకుండానే.

"మాటను బట్టి మన అనంతపురం పక్కోడే అన్నా! అయినా పెట్టడంట!"

ఇద్దరూ వెనుదిరిగారు. నాలుగడుగులు వేశారో లేదో, వెనక బల్ల మీద దబ్బుమని చప్పుడైంది. ముసలాయన ఆత్రంగా పెద్ద తునక నమలకుండా మింగినట్టున్నాడు. రెండు చేతులతో గొంతు పట్టుకుని గిలగిల కొట్టుకుంటున్నాడు. కళ్లు తేలేశాడు. మొహం నల్లబడుతోంది.

"నీళ్లు! నీళ్లు తెండి!" అని అరిచేవాళ్లే గానీ దగ్గరికి పోయినవాళ్లు లేరు.

గురప్ప ఒక్క దూకు దూకాడు. కంబళి ఎక్కడ జారిపడిందో చూసుకోలేదు. ముసలాయన్ని తన చేతి మీద బోర్లా వంచి, కడియాల చేత్తో వీపు మీద గట్టిగా చరిచాడు. గొంతులో తునక కదల్లేదు. మళ్లీ చరిచాడు. ఇంకా గట్టిగా మళ్లీ చరిచేసరికి తునక ఎగిరి రోడ్డు మీద పడింది. ముసలాయన బుస్సున ఊపిరి పీల్చాడు.

జనం అప్పుడు చూశారు, ఆ చరిచిన చెయ్యి ఎవరిదో. "అమ్మో! యముడు!" అని ఎవడో పరుగెత్తాడు. సాయిబు చేతిలో విసనకర్ర జారిపోయింది.

గురప్ప ముసలాయన్ని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని చెంపలు తట్టాడు. "ఏం కాలేదు పెద్దాయనా. కండ్లు తెరువు. నా పక్క చూడు."

ముసలాయన కళ్లు తెరిచాడు. తన మొహానికి జానెడు దూరంలో నల్లటి మొహం, ఎర్రటి కళ్లు, కొమ్ముల కిరీటం. రెప్ప వేయకుండా చూశాడు.

సాయిబు తేరుకున్నాడు. "అరే, పానం నిలబెట్టినాడు గదా! ఆ ప్లేటు ఆయనకియ్యి!" అన్నాడు.

ఆ మాట ముసలాయన చెవిన పడినట్టు లేదు. చెయ్యి చాపి పక్కనున్న బల్ల మీద తడిమి, ప్లేటు దొరకగానే గుండెలకు హత్తుకున్నాడు.

"వస్తా సామీ, నేను రానంటానా?" అన్నాడు. "ఈ నాలుగు తునకలు తినేదాంకా కాచుకో!"