గాజు మీద బొట్టు

మూసీ ఒడ్డున గడియారం బురుజు ఎవరిదన్న తగాదాలో తీర్పు రాగానే, ఊళ్లోని ప్రతి ఫొటోలోంచీ అది దానంతటదే చెరిగిపోయింది. బాలమణి ఇంట్లో పటంలోనైతే, ఆ బురుజుకు ఆనుకుని నిలబడ్డ చచ్చిపోయిన మొగుడు కూడా దాంతోపాటే పోయాడు. దండ కింద ఉత్త నది మిగిలింది. ఆయన నొసటికని గాజు మీద పెట్టిన బొట్టు మాత్రం అట్లాగే ఉండిపోయింది.

"మా ఆయనది ఇంకో ఫొటో లేదు సారూ, తిరిగి పెట్టుండ్రి" అని తనిఖీకొచ్చిన ఫొటోల ఇన్‌స్పెక్టర్‌ని బతిమాలింది.

"ఫొటోలు చెరిపే సర్కారు మిషను ఆయన్ని బురుజు గోడల భాగమనుకున్నది. నేనేం చెయ్యాలె?"

మాట్లాడుతుండగానే పటంలో బురుజు ఉన్నచోట ఎవరిదో కొత్త విగ్రహం లేచింది. బాలమణి తడిబట్టతో బొట్టు తుడవబోయింది.

ఇన్‌స్పెక్టర్ ఆపాడు. "ఉండనియ్యమ్మా, సరిగ్గా విగ్రహం నొసట్నే పడ్డది. దండ మాత్రం వాడిపోనియ్యకు. మళ్లొచ్చి చూస్త."