గ్యాస్ మీద మాత్రమే

"తోడుదొంగల్లారా! అందరూ కలిసి నా కారుని చంపుతున్నార్రా!"

షెడ్డు ముందు కారాపి, ఇంజన్ ఆపకుండానే దిగి అరిచాడు టాక్సీ డ్రైవరు. లోపలున్న మెకానిక్ పరాయివాడేం కాదు, స్వయానా బావమరిది. ఆ నమ్మకంతోనే పెట్రోలు కారుకి అతని చేత గ్యాస్ కిట్ పెట్టించాడు. ఆ కారు తిరిగితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఇప్పుడేమో పెట్రోలు మీద వెన్నలా సాగుతుంది. గ్యాస్ మీదకి మార్చగానే మిస్ కొడుతుంది. ఒకటే కుదుపులు, ఒకటే దగ్గులు. వీడే మంచి ప్లగ్గులు నొక్కేసి చచ్చు ప్లగ్గులు బిగించి ఉంటాడు! ఆ అనుమానంతోనే పొద్దున వంటింటి గడపలో కూర్చుని, కొత్త ప్లగ్గులూ వైర్లూ ముందేసుకున్నాడు. పెరట్లోంచి వచ్చిన భార్య విరుచుకుపడింది.

"పాలు మాడి బొగ్గయ్యాయి! పొయ్యి పక్కనే కూర్చున్నావ్, ఏం మనిషివయ్యా నువ్వు?"

"నీ తమ్ముడి నిర్వాకం బాగుచేస్తున్నా, కనపడట్లేదా?"

అన్నీ మార్చినా కుదుపు పోలేదు. పైగా పోయించిన గ్యాస్ ఇట్టే అయిపోతోంది. అంటే బంకువాడు తక్కువ పోస్తున్నాడు. వాడికీ వీడికీ లాలూచీ ఉండకుండా ఉంటుందా?

ఇందాక ఎక్కినావిడ రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"బాబూ, నీ కారులో ఏదో తేడాగా ఉంది."

"తెలుసమ్మా, మిస్ కొడుతోంది."

సగం దారిలోనే దిగిపోయింది. ఆ రుమాలు నవ్వు దాచుకోవడానికి కాక మరెందుకు?

మొన్న జ్వరం పడి లేచిన దగ్గర్నుంచీ అతనికి అన్నం మట్టిలా ఉంది. సిగరెట్ కూడా చప్పగా ఉందని మానేశాడు. ఉన్న ఒక్క ఆధారం కారు. దానికీ ఈ గతి పట్టించారు!

బావమరిది స్పానర్ పడేసి బయటికొచ్చాడు. కారు దగ్గరికి రాగానే అతని ముఖం పాలిపోయింది. దొరికిపోయిన దొంగ ముఖం!

"ముందు ఇంజన్ ఆపు బావా!"

"ఆపితే నీ బండారం ఎలా బయటపడుతుందిరా? విను, ఎలా దగ్గుతోందో విను!"

"వినేది తర్వాత, ముందు..."

"నోర్ముయ్!"

పక్కన టీ కొట్టాయన గబుక్కున స్టవ్ ఆపేసి దూరం జరిగాడు. సాక్ష్యం చెప్పాల్సొస్తుందని కాబోలు.

డ్రైవరుకి ఒళ్లు మండిపోయింది. జేబులో ఎప్పటిదో నలిగిన సిగరెట్ నోట్లో పెట్టుకుని, బానెట్‌కి ఆనుకుని, అగ్గిపుల్ల తీశాడు.

బావమరిది ఒక్క దూకు దూకి అతని చెయ్యి ఒడిసిపట్టుకున్నాడు.

"పుల్ల అవతల పారెయ్ బావా, వీధి వీధంతా గ్యాస్ కంపు కొడుతుంటే నీ ముక్కుకి తెలియడం లేదా!"