బాంజో కడుపులో మేజోడు

ఆదివారం మధ్యాహ్నం హోగన్ల పబ్బులో ఊనా ఇలా కూర్చుందో లేదో, డీలియా అత్త ఫ్లూటు దించి అడిగింది.

"మేజోడు ఉందా?"

"ఉందత్తా," అంది ఊనా బల్లకేసి చూస్తూ.

చుట్టూ ఉన్న ఫిడేలువాళ్లు ముసిముసిగా నవ్వారు.

డీలియా ఊనాకు సొంత మేనత్త. ఈ బృందానికి పెద్ద. ఎవరు బాణీ ఎత్తుకోవాలో, ఎవరు వెనకాల అందుకోవాలో ఆవిడే చెబుతుంది. కిందటి చలికాలం ఊనా బాంజో మొదటిసారి విని, "గడ్డి కొట్టం రేకుల మీద వడగళ్లు పడుతున్నాయేమో చూడండర్రా," అంది. బాంజో వెనక చెక్క విప్పించి, తాను అల్లిన ఎర్ర మేజోడు ఒకటి చప్పుడు తగ్గేలా లోపల కుక్కింది. ఆకుపచ్చ మడమ ఉన్న ఉన్ని మేజోడు.

"ఇది లోపల ఉన్నన్నాళ్లే నీకిక్కడ కుర్చీ."

కుర్చీ అయితే దక్కింది. కానీ, "ఊనా, నువ్వెత్తుకో" అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ ఒక్క మాట కోసమే ఆమె వానలో కూడా బాంజో మోసుకొస్తోంది.

ఆమెకు బాంజో నేర్పేది ఫింటన్ తాత. ఆయన పాఠమంతా కుడిచేతి గురించే. "మోచెయ్యి కాదు పిల్లా, మణికట్టు. చేతికంటిన నీళ్లు విదిలించినట్టుండాలి. ఆ మీటే బిళ్ల పీక పిసక్కు, అదేం పారిపోదు."

ఆ రోజు ఆయన తడిసి ముద్దై వచ్చాడు. వస్తూనే బాంజో అందుకుని, రెండు తీగలు మీటి మొహం చిట్లించాడు.

"తీగల కింద చెక్క జరిగింది. పైమెట్ల మీద అపస్వరం పలుకుతోంది. ఇక్కడ వెలుతురు చాలదు, వంటింట్లోకి తీసుకెళ్లి సరిచేసుకొస్తా."

"ఆ చెక్కతో పాటు దాని నోరు కూడా కాస్త సరిచెయ్యి," అంది డీలియా.

కాసేపటికి తెచ్చిచ్చాడు.

జిగ్ అనే గంతుల బాణీ మొదలైంది. బిళ్ల కిందికి, పైకి, కిందికి. మళ్లీ కిందికి, పైకి, కిందికి. ఇవాళ స్వరం తేటగా వస్తోందనిపించింది ఊనాకు. చెక్క బాగా కుదిరినట్టుంది. ఎలాగూ లోపల మేజోడుంది, ఎవరి చెవులూ చిల్లులు పడవు. ఆ ధైర్యంతో భుజం దిగింది, మణికట్టు వదులైంది. బిళ్ల తీగను తాకీ తాకనట్టు తాకుతోంది.

బాణీ ముగిసింది. డీలియా ఆమెనే చూస్తోంది. ఊనా బాంజోను ఒళ్లోకి అదుముకుంది.

"ఏమ్మా, అలా బిగుసుకుపోయావు? తర్వాతది నువ్వెత్తుకో."

ఊనా ఎత్తుకుంది. మొదటి చుట్టు ఒక్కతే వాయించింది. రెండో చుట్టులో ఫిడేళ్లు కలిశాయి. మూడో చుట్టులో డీలియా ఫ్లూటు కూడా కలిసింది.

అయ్యాక డీలియా టీ కప్పు అందుకుని ఫింటన్ వైపు తిరిగింది.

"చూశావటయ్యా? నువ్వు ఏడాదిగా మణికట్టు, మణికట్టు అని ఊదరగొట్టావు. చివరికి పని చేసింది నా మేజోడు."

"కాదన్నదెవరు? నీ అల్లిక అల్లికే డీలియా," అన్నాడు ఫింటన్ వినయంగా. "ఎంత వెచ్చగా ఉంటుందో."

డీలియా తృప్తిగా తలాడించి, పక్కవాళ్లతో కబుర్లలో పడింది.

ఊనా బాంజోను పెట్టెలో పెట్టడానికి వంగింది. డీలియా వీపు వెనక, ఫింటన్ తాత తడి బూట్లు విప్పి కాళ్లు పొయ్యి వైపు చాపాడు. ఒక కాలికి నల్ల మేజోడు, రెండో కాలికి ఆకుపచ్చ మడమ ఉన్న ఎర్ర మేజోడు.